కేప్‌టౌన్ తర్వాత నాలుగు రాత్రులు: విక్టోరియా ఫాల్స్, చోబే

కేప్‌టౌన్ ప్రయాణానికి చివర్లో నాలుగు రాత్రులు కలుపుకుని జింబాబ్వేలోని విక్టోరియా ఫాల్స్‌కు, అక్కడి నుంచి బోట్స్వానాలోని చోబే నేషనల్ పార్కుకు వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, డెబ్బై దాటిన మా అత్తయ్య. తిరుగు ప్రయాణం మళ్లీ జోహన్నెస్‌బర్గ్ మీదుగానే కాబట్టి దక్షిణాఫ్రికా వీసా మల్టిపుల్ ఎంట్రీ తీసుకున్నాం. మీరూ టికెట్లు కొనకముందే ఇది చూసుకోండి.

అన్నిటికన్నా ముందు నెల తేల్చుకోవాలి. ఏప్రిల్‌లో జలపాతం ఉన్న జాంబేజీ నది నిండుగా పారుతుంది, కానీ తుంపర మబ్బులా లేచి ఎదురుగా ఉన్న జలపాతాన్నే కప్పేస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో నీళ్లు తగ్గి, సరిహద్దుకు అవతల జాంబియా వైపు చాలా మేర ఉత్త రాయే కనిపిస్తుంది. చోబేలో లెక్క వేరు. అడవి లోపలి నీటికుంటలు ఎండిపోయాకే ఏనుగులు గుంపులుగా చోబే నది ఒడ్డుకు చేరతాయి. రెండూ చూడాలంటే జులై, ఆగస్టు నయం. మేం జులై చివర్లో వెళ్లాం.

జలపాతం వెడల్పు 1,708 మీటర్లు, ఎత్తు 108 మీటర్లు. ఒక్కచోట నిలబడితే మొత్తం కనిపించదు, అంచు వెంట నడుస్తూ చూడాలి. ఎక్కువ భాగం జింబాబ్వే వైపు నుంచే కనిపిస్తుంది కాబట్టి మేం జాంబియా వైపు వెళ్లలేదు, వెళ్లలేదన్న లోటూ అనిపించలేదు. అక్కడివాళ్లు దీన్ని ‘మోసి-ఓవా-తున్యా’ అంటారు, ఉరిమే పొగ అని. దగ్గరికి వెళ్తుంటే ఆ ఉరుము గుండెల్లో తెలుస్తుంది. రెయిన్‌కోటు వేసుకున్నా తడిశాం. చివర్లో డేంజర్ పాయింట్ దగ్గర రాళ్లు జారుతున్నాయి. అత్తయ్యను కాస్త ముందే బెంచీ మీద కూర్చోబెట్టాం.

బస ఊళ్లోనే, జలపాతం గేటుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకోవడం మంచిదైంది. శాకాహారానికి టెన్షన్ పడ్డాం కానీ సాడ్జా అచ్చం మన సంకటిలాగే ఉంది, మొక్కజొన్న పిండితో చేస్తారు. ఆకుకూరతో అత్తయ్య రెండు పూటలూ అదే తిన్నారు. చిన్న డాలర్ నోట్లు ఎక్కువ పెట్టుకోండి, చిల్లర దొరకడం కష్టం.

చోబేకు ఆనుకుని ఉన్న కసానే ఊరు 80 కిలోమీటర్ల దూరం. సరిహద్దులో గాలికుంటు వ్యాధి రాకుండా చెప్పులు మందునీళ్లలో ముంచి దాటాలి. మా ట్రాన్స్‌ఫర్ సంస్థ వాహనం అవతలి వైపు గంట ఆలస్యంగా వచ్చింది. పైగా కట్టేసిన పార్కు రుసుం మళ్లీ అడిగారు. రసీదు ఫోన్‌లో ఉండబట్టి బయటపడ్డాం.

చాలామంది చోబేను ఒక్క రోజులో చూసి వచ్చేస్తారు. నా మాట వినండి, రెండు రాత్రులు ఉండండి. పొద్దున బయల్దేరి సరిహద్దు దాటి చేరేసరికి తెల్లవారుజాము, అంటే సింహాలు కనిపించే వేళ, దాటిపోతుంది. అయితే ఆ వేళ ఓపెన్ జీపులో చలి ఎముకలు కొరుకుతుంది. ఇసుక దారిలో కుదుపులకు అత్తయ్య నడుం పట్టేసింది.

పడవ మాత్రం ఆవిడకు ఎంతో హాయిగా ఉంది. నది మధ్యలో సెడుడు అనే దీవి ఉంది. నమీబియాతో వివాదం నడిచి, 1999లో అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని బోట్స్వానాకు ఇచ్చింది. సాయంత్రం ఏనుగులు తొండాలు పైకెత్తి ఆ దీవికి ఈదుకుంటూ వెళ్లాయి. ఒక గున్న మధ్యలో మునుగుతూ తేలుతూ ఉంటే తల్లి దాన్ని పక్కనుంచి ఆనించి తీసుకెళ్లింది. పడవ నడిపే అతను ఇంజన్ ఆపేశాడు. గున్న ఒడ్డెక్కేదాకా అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. రెండో రోజు సాయంత్రం జీపు మానుకుని మళ్లీ పడవకే డబ్బు కట్టాం.