కోల్‌ట్రేన్ ‘బ్యాలడ్స్’ 1963 మోనో అని నమ్మించి వేరే రికార్డు పంపాడు, జాగ్రత్త

న్యూజెర్సీలో పాత ఎల్పీలు కొనే మనవాళ్లందరూ ఇది చదవండి. ఆ అమ్మినవాడి పేరు రాయను. జాజ్ రికార్డులు అమ్ముతూ, కనబడిన ప్రతివాణ్ణీ ‘అన్నా’ అని వరస కలుపుతాడే, ఆ అబ్బాయే. మీలో చాలామంది అతని దగ్గర కొనే ఉంటారు.

జాజ్ సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ ‘బ్యాలడ్స్’, ఇంపల్స్ కంపెనీది, నంబరు ఎ-32, మోనో (ఒకే చానెల్ ధ్వని), మొదటి ప్రెస్సింగ్, అంటే 1963లో మొదట అచ్చేసిన విడత అన్నాడు. ఫొటోలు పంపాడు. నారింజ, నలుపు లేబుల్. పాట గీతలు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి చోట, అదే డెడ్ వాక్స్‌లో, రికార్డు చేసిన ఇంజినీరు ‘వాన్ గెల్డర్’ ముద్ర స్పష్టంగా ఉంది. లేబుల్ మూల పెన్నుతో ఎవరో రాసుకున్న పొడి అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. “ఈ ఫొటోలో ఉన్న రికార్డే వస్తుంది కదా తమ్ముడూ?” అని అడిగాను. “అదే అన్నా, నా చేత్తో నేనే ప్యాక్ చేస్తా” అన్నాడు. 180 డాలర్లు, బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle)లో పంపమన్నాడు, పంపాను.

కవరు అసలుదే వచ్చింది. లోపలి రికార్డు కాదు. లేబుల్ అంచున చిన్న అక్షరాల్లో ఎంసీఏ రికార్డ్స్ అని ఉంది. ఇంపల్స్ ఎవరిదైతే, ఆ ఏబీసీ రికార్డ్స్‌ను ఎంసీఏ కొన్నదే 1979లో. 1963 రికార్డు మీదికి ఆ పేరు ఎలా వచ్చింది? పైగా మోనో కాదు, స్టీరియో. వాన్ గెల్డర్ ముద్ర లేనే లేదు. పెన్ను రాత లేదు.

వెంటనే ఫోన్ చేశాను. మొన్నటిదాకా అన్నా అన్న గొంతే మాట్లాడింది. “చూడండి సార్, ఫొటోలు శాంపిల్‌కి పెట్టినవి. కవరు ఒరిజినలే కదా, ధర దానికే. లోపల అవే ఎనిమిది పాటలు, అదే సాక్సఫోన్. తేడా మీ చెవికి తెలుస్తుందా అసలు?”

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ ఆఖరి మాట నాకు ఇంకా చల్లారలేదు. జాజ్ అమ్ముకుని బతికేవాడు అనాల్సిన మాటేనా అది?

కోల్‌ట్రేన్ అంటే సుడిగాలిలా వాయించుకుపోతాడనే అందరూ అంటారు. ఈ రికార్డులో ఎక్కడా ఆ పరుగు లేదు. అప్పటికే అందరి నోళ్లలో నలిగిన పాత ప్రేమపాటల్ని, వరస చెదరకుండా, ఒక్కో స్వరం మీద ఆగి ఆగి వాయిస్తాడు. మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బాస్, చాలాచోట్ల కర్రలకు బదులు బ్రష్‌లతోనే సరిపెట్టే ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. ‘ఇట్స్ ఈజీ టు రిమెంబర్’ ఒక్కదానికి మాత్రం బాస్ రెజీ వర్క్‌మన్‌ది. అది 1961 డిసెంబరులో చేసింది, మిగతావి 1962 సెప్టెంబరు, నవంబరుల్లో. షాపులో దొరికే స్వరాల కాగితాలు తెచ్చుకుని, కాసేపు మాట్లాడుకుని రికార్డు చేసేశారని కవరు వ్యాసంలో ఉంటుంది. ఇదంతా జరిగింది ఎక్కడో కాదు, మన న్యూజెర్సీలోనే, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో. రికార్డు చేసినాయనే, కాపీలన్నిటికీ మూలమైన మాస్టర్ డిస్కు మీద గీతలు కూడా తన చేత్తో కోశాడు కాబట్టే ఆ ముద్రకి విలువ. నేను డబ్బు కట్టింది ఆ చేతిపనికి. అట్టకి కాదు.

రికార్డు తిప్పి పంపుతాను, డబ్బు ఇచ్చెయ్యమన్నాను. “రిటర్న్ లేదని ముందే చెప్పాను” అన్నాడు. పచ్చి అబద్ధం, మా మెసేజ్‌లన్నీ నా దగ్గరున్నాయి. అవి చూపిస్తానన్నాక బ్లాక్ చేశాడు. జెల్‌లో ఒకసారి వెళ్లిన డబ్బు వెనక్కి రప్పించడం ఎంత కష్టమో ఇక్కడుండే మీకు చెప్పక్కర్లేదు. బ్యాంకులో ఫిర్యాదు మాత్రం పెట్టాను.

ఇది ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. నిన్న రాత్రి ఒక స్నేహితుడు లింకు పంపాడు. అదే ‘బ్యాలడ్స్’ మళ్లీ అమ్మకానికి పెట్టాడు. అవే ఫొటోలు, లేబుల్ మూల అవే పొడి అక్షరాలు.

ఎవరైనా అతని దగ్గర బేరమాడుతుంటే, మీ పేరు రాసిన కాగితం రికార్డు పక్కన పెట్టి, రెండు వైపులా డెడ్ వాక్స్ కనబడేలా వీడియో తీసి పంపమనండి. కుదరదంటే కొనకండి. ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే రికార్డు బయటికి తీసి కళ్లారా చూశాకే డబ్బివ్వండి.