హోటల్ గదికి కీ కార్డా, సెన్సరా?

గ్రీన్ సర్టిఫికేషన్‌కు (భవనం పర్యావరణానికి అనుకూలమని ఇచ్చే గుర్తింపుకు) వెళ్లే హోటళ్ల వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: అతిథి బయటికెళ్లాక గదిలో లైట్లు ఆరడానికి తలుపు పక్కన కీ కార్డు హోల్డర్ (తాళం కార్డు దూర్చితే కరెంటు వచ్చి, తీస్తే పోయేది) సరిపోతుందా, లేక మనిషి కదలికను పసిగట్టే సెన్సర్లు పెట్టాలా?

కాగితం మీద రెండూ పాసే. భవనాల్లో ఇంధన పొదుపుకు అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే పెట్టిన 90.1 ప్రమాణం 2013 కూర్పు నుంచి, గదిలోంచి అందరూ వెళ్లిన 20 నిమిషాల్లో లైట్లు, స్విచ్చుతో నడిచే ప్లగ్ పాయింట్లు వాటంతటవే ఆగిపోవాలి. కీ కార్డు పెడితే ఈ షరతు వర్తించదు. బాత్రూమ్‌కు మాత్రం 30 నిమిషాల్లో ఆర్పే ఏర్పాటు విడిగా ఉండాల్సిందే. అక్కడ 5 వాట్లలోపు నైట్ ల్యాంపుకు మినహాయింపు ఉంది.

హోల్డర్ చవక, వైరింగ్ తేలిక. కానీ మామూలు రకంలో ఉండేది ఒక చిన్న స్విచ్చే. దూర్చింది తాళం కార్డా, మెట్రో కార్డా, శుభలేఖ ముక్కా అని అది చూడదు. అందుకే అతిథులు బయటికెళ్తూ ఏదో ఒకటి అందులో వదిలేస్తారు. హోటల్ కార్డునే గుర్తుపట్టే రకం కొంటే, రిసెప్షన్‌లో ఇంకో కార్డు అడిగి తీసుకుంటారు. మరి జనం ఎందుకిలా చేస్తారు? లైట్ల కోసం కాదు, ఏసీ కోసం. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం బయట తిరిగొచ్చి వేడెక్కిన గదిలో అడుగు పెట్టాలని ఎవరికుంటుంది? ఫోన్ చార్జింగ్ ఇంకో కారణం. ఈ రెండూ కార్డుతో పాటు ఆగిపోతే లైట్ల పొదుపు కూడా పోయినట్టే.

అందుకే నా ఓటు సెన్సర్‌కు, అదీ తలుపుకు మాగ్నెట్ స్విచ్చు (తలుపు తెరిచిందీ మూసిందీ తెలిపేది) జతచేసిన దానికి. ఒట్టి సెన్సర్ కదలికను మాత్రమే చూస్తుంది. కదలకుండా పడుకుని పుస్తకం చదివేవాళ్ల మీద లైటు ఆర్పేస్తుంది. గాజు తలుపు వెనక స్నానం చేసేవాళ్లూ దానికి కనబడరు. మాగ్నెట్ ఉంటే లెక్క మారుతుంది: తలుపు మూశాక ఒక్కసారి కదలిక దొరికితే చాలు, మళ్లీ తలుపు తెరిచేదాకా మనిషి ఉన్నట్టే లెక్క. గది ఖాళీ అయితే ఏసీని పూర్తిగా ఆపకుండా 27, 28 డిగ్రీలకు పెంచి వదలొచ్చు. ఇక మోసం చేసే అవసరమే రాదు. ఖర్చు ఎక్కువే, కాదనను. బడ్జెట్ లేకపోతే కార్డే పెట్టండి. కాకపోతే ఏసీని, ఒక చార్జింగ్ పాయింటును, ఫ్రిజ్‌ను ఆ లైనులోంచి తప్పించండి.

తలుపు దగ్గర మాస్టర్ స్విచ్చును (గది లైట్లన్నిటినీ ఒకేసారి ఆర్పేదాన్ని) మన ఈసీబీసీ, అంటే భవనాల్లో ఇంధన పొదుపు నిబంధనావళి, ఎలాగూ అడుగుతుంది. అదొక్కటే ఉంటే అంతా అతిథి దయ. ట్యాబ్లెట్ తెర మీద నొక్కి లైట్లు నడిపే పద్ధతి సరదాకు బాగుంటుంది.

లీడ్ అనే గ్రీన్ సర్టిఫికేషన్‌లో పాయింటు రావాలంటే ప్రతి గదిలో డిమ్మర్ (వెలుగును తగ్గించే స్విచ్చు) తప్పదని చెప్పే అమ్మకందారులున్నారు. లీడ్ నాలుగో కూర్పు వీ4లో లైటింగ్ కంట్రోల్ పాయింటు లెక్కలోకి హోటల్ గదులు రానే రావు. ఆ డబ్బు మాగ్నెట్ స్విచ్చులకు పెట్టండి.