లం.క.భు.నా, కో.కో.భు.నా? రెండు లంబాల లెక్కకు ఏది మేలు

ఏబీసీ త్రిభుజంలో బీ నుంచి ఏసీకి బీఎం, సీ నుంచి ఏబీకి సీఎన్ అని రెండు లంబాలు గీశాం. రెండింటి పొడవూ ఒకటే. అయితే ఏబీ, ఏసీ సమానమని చూపాలి. తొమ్మిదో తరగతి పిల్లలందరికీ తెలిసిన లెక్కే. లం.క.భు. (లంబకోణం-కర్ణం-భుజం: రెండు లంబకోణ త్రిభుజాల్లో కర్ణం, ఒక భుజం సమానమైతే అవి సర్వసమానం, అంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి) నియమంతో నిరూపించమని ప్రశ్నలోనే ఉంటుంది కాబట్టి, వేరే దారి ఉందేమోనని ఎవరూ వెతకరు. నిజానికి ఉంది.

మొదట లం.క.భు. దారి చూద్దాం. బీఎంసీ, సీఎన్‌బీ త్రిభుజాలు తీసుకుంటే బీసీ రెండింటికీ ఉమ్మడి, అదే కర్ణం. బీఎం, సీఎన్ సమానమన్నది దత్తాంశం. ఎం, ఎన్ దగ్గర 90 డిగ్రీలు. త్రిభుజాలు సర్వసమానం కాబట్టి సీ కోణం, బీ కోణం సమానం. సమాన కోణాలకు ఎదురుగా ఉన్న భుజాలు సమానం కనుక ఏబీ, ఏసీ సమానం.

రెండో దారిలో ఏబీఎం, ఏసీఎన్ త్రిభుజాలు తీసుకోవాలి. ఏ కోణం ఉమ్మడి, ఒక్కోదాంట్లో ఒక లంబకోణం, బీఎం, సీఎన్ సమానం. కో.కో.భు. (కోణం-కోణం-భుజం: రెండు కోణాలు, ఒక భుజం సమానం) ప్రకారం సర్వసమానం. ఏబీ, ఏసీ సదృశ భుజాలే కాబట్టి పని అక్కడితో అయిపోయింది. ఒక మెట్టు తక్కువ, ఇంకో సిద్ధాంతం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

చాలాకాలం నేను పిల్లలకు రెండోదే మేలని చెప్పాను. ఇప్పుడు చెప్పను. ఏ దగ్గర 120 డిగ్రీలు పెట్టి బొమ్మ గీసి చూడండి. లంబాలు దించడానికి సీఏ, బీఏ గీతల్ని ఏ దాటించి పొడిగించాలి, ఎం, ఎన్ త్రిభుజం బయట పడతాయి. ఏబీఎంలో ఏ దగ్గరున్నది ఇప్పుడు 120 కాదు, 60. ‘ఏ కోణం ఉమ్మడి’ అన్న వాక్యం తప్పయిపోయింది. శీర్షాభిముఖ కోణాలని (రెండు గీతలు కోసుకున్న చోట ఎదురెదురుగా ఉండే సమాన కోణాలని) దిద్దుకోవాలి. ఏ సరిగ్గా 90 డిగ్రీలైతే ఎం, ఎన్ రెండూ ఏ మీదే పడతాయి, ఏబీఎం అనే త్రిభుజమే ఉండదు. లం.క.భు. నిరూపణలో మాత్రం బొమ్మ ఎలా మారినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ప్రశ్నలో అల్పకోణ త్రిభుజమని ఇస్తే కో.కో.భు. రాయండి, పొట్టిగా పోతుంది. ఇవ్వకపోతే నా ఓటు లం.క.భు.కే.

తెలివైన పిల్లలకు ఇక్కడే ఒక అనుమానం వస్తుంది: లం.క.భు. అంటే భు.భు.కో.యే (రెండు భుజాలు, వాటి మధ్య లేని ఒక కోణం) కదా, అది చెల్లదన్నారు కదా? వృత్తలేఖిని చేతికిచ్చి గీయించడమే దీనికి మంచి జవాబు. 30 డిగ్రీల కోణం గీసి, ఒక భుజం మీద శీర్షం నుంచి 10 సెం.మీ. దూరంలో చుక్క పెట్టండి. అక్కడ ముల్లు ఆనించి 6 సెం.మీ. చాపం తిప్పితే రెండో భుజాన్ని రెండు చోట్ల కోస్తుంది, శీర్షానికి సుమారు 5.3 సెం.మీ. దగ్గర ఒకటి, 12 సెం.మీ. దగ్గర ఇంకొకటి. కొలతలు అవే, త్రిభుజాలు మాత్రం రెండు. ఇప్పుడు 30 బదులు 90 పెట్టి, నిలువు గీత 5, చాపం 13 తీసుకోండి. అడ్డగీతను పొడిగిస్తే ఈసారీ రెండు చోట్లే కోస్తుంది, కానీ ఒకటి ఎడమకు 12, ఒకటి కుడికి 12. నిలువు గీత వెంట కాగితం మడిస్తే ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చుంటాయి.

లంబకోణాన్ని ఇముడ్చుకున్న రెండు భుజాలూ ఇచ్చేస్తే ఈ తర్జనభర్జనే అక్కర్లేదు, భు.కో.భు. (రెండు భుజాలు, వాటి మధ్య కోణం సమానం) చాలు.

లం.క.భు.ను నేను ఒప్పుకోని చోటు ఒకటుంది. సమద్విబాహు త్రిభుజంలో భూకోణాలు (సమాన భుజాలకు ఎదురుగా ఉండే కోణాలు) సమానమని చూపడానికి శీర్షం నుంచి లంబం దించి లం.క.భు. అని రాసేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ లం.క.భు.ను మామూలుగా ఎలా నిరూపిస్తాం? రెండు లంబకోణ త్రిభుజాలను సమాన భుజం దగ్గర వీపులు ఆనించి కలిపి, వచ్చిన సమద్విబాహు త్రిభుజంలో భూకోణాలు సమానమని చెప్పి, ఆపైన కో.కో.భు. వాడతాం. అంటే రుజువు చేయాల్సినదాన్నే ముందుగా వాడుకున్నట్టు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో వరస చూడండి: భు.కో.భు. 4వ ప్రతిపాదన, భూకోణాలది 5వది, కో.కో.భు. 26వ దాంట్లో వస్తుంది. లం.క.భు.కు అక్కడ విడిగా చోటే లేదు. కాబట్టి భూకోణాల లెక్కలో లంబం బదులు శీర్షకోణ సమద్విఖండన రేఖ గీసి, భు.కో.భు. రాయండి.