గ్రీస్‌లో క్యాంపర్ వ్యాన్ తీసుకుని అల్బేనియా వెళ్తున్నారా? ఇన్సూరెన్స్ గ్రీన్ కార్డు చూడకుండా బండి కదిలించకండి

థెస్సలోనికీలో క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని, అయోనినా మీదుగా కాకవియా సరిహద్దు దాటి అల్బేనియా చూసి రావాలనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

అల్బేనియా వెళ్తామని వ్యాన్ అద్దెకిచ్చే కంపెనీకి బుకింగ్‌లోనే చెప్పాం. అనుమతి ఉందని వాళ్ల సైట్‌లోనూ ఉంది. సరిహద్దు దాటడానికని 90 యూరోలు విడిగా కట్టించుకున్నారు. వ్యాన్ ఇచ్చేటప్పుడు ఒక ఫోల్డర్ చేతిలో పెట్టి, కాగితాలన్నీ సిద్ధం అన్నారు. కాకవియాలో గ్రీస్ వైపు తనిఖీ అయిపోయాక, అల్బేనియా పోలీసు గ్రీన్ కార్డు (బండి ఇన్సూరెన్స్ ఏ ఏ దేశాల్లో చెల్లుతుందో చూపే పత్రం) తెరిచి, దేశాల గడుల్లో ‘ఏఎల్’ (అల్బేనియా) మీద వేలు పెట్టి చూపించాడు. ఆ గడిని కొట్టేసి ఉంది. అంటే ఆ వ్యాన్ ఇన్సూరెన్స్ అల్బేనియాలో చెల్లదు.

కంపెనీకి ఫోన్ చేస్తే, ‘సరిహద్దులో ఇన్సూరెన్స్ అమ్ముతారు, కొనుక్కుని వెళ్లండి, ఏం కాదు’ అన్నారు. ఆ ముక్క మెయిల్‌లో పెట్టమంటే పెట్టలేదు. సరిహద్దులో అమ్మేది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే. అవతలివాళ్లకు జరిగే నష్టానికే అది పనికొస్తుంది. ఆ కొండదారుల్లో వ్యాన్‌కే ఏదైనా అయితే బిల్లు మొత్తం మన నెత్తినే పడుతుంది. వెనక సీట్లో పిల్లలు, బయట ఎండ, అందరికీ టెన్షన్. వెనక్కి తిరిగాం. అల్బేనియాలో చూడాలనుకున్న జిరోకాస్టర్ లేదు, బుత్రింత్ లేదు, సరాండా దగ్గర క్యాంపింగ్‌కు కట్టిన డబ్బూ పోయింది. గ్రీస్‌లో ఎక్కడ పడితే అక్కడ క్యాంపింగ్ చేయడం చట్టవిరుద్ధం కాబట్టి, రాత్రికి అయోనినాలో క్యాంపింగ్ వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ 90 యూరోలు అడిగితే, ‘వెనక్కి తిరిగింది మీరే కదా’ అన్నారు. పైగా వ్యాన్ అడుగున గీత పడిందంటూ డిపాజిట్‌లో కోత పెట్టబోయారు. తీసుకునేటప్పుడే అడుగుభాగం వీడియో తీశాం, గీత అందులో స్పష్టంగా ఉంది. అది చూపించాకే ఆ మాట వదిలేశారు. మీరూ తప్పకుండా తీయండి. అద్దె ఇన్సూరెన్సుల్లో చాలావాటికి అడుగుభాగం, టైర్లు, అద్దాలు వర్తించవు.

కౌంటర్ దగ్గరే గ్రీన్ కార్డు తీయించి, బండి నంబరు, తేదీలు, ‘ఏఎల్’ గడి చూడండి. 2020 నుంచి తెల్ల కాగితం మీద కూడా ఇస్తున్నారు కాబట్టి రంగు గురించి కంగారు వద్దు. బండిని దేశం దాటించడానికి డ్రైవర్ పేరుతో అనుమతి పత్రం విడిగా అడగండి. వ్యాన్‌కు జరిగే నష్టం, రోడ్డు మీద ఆగిపోతే సాయం అల్బేనియాలో వర్తిస్తాయా అన్నది మెయిల్‌లోనే రాయించుకోండి. నోటిమాట నమ్మకండి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే వాళ్ల వీసా చూడండి. సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చే) షెంగెన్ వీసాతో గ్రీస్ దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. అల్బేనియా యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి అక్కడ మన యూరప్ సిమ్‌కు ఉచిత రోమింగ్ కూడా ఉండదు.

మేం జర్మనీలో ఉంటాం కాబట్టి కెల్‌లోని యూరోపియన్ వినియోగదారుల కేంద్రానికి ఫిర్యాదు పెట్టాం. వేరే ఈయూ దేశపు వ్యాపారితో గొడవైతే అక్కడ ఉచితంగా సాయం చేస్తారు. కార్డు బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడం) కూడా అడిగాం. ఈ వేసవికి ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు, గ్రీన్ కార్డు కాపీ ముందే పంపమని ఈరోజే మెయిల్ పెట్టండి. పంపకపోతే, ఉచితంగా రద్దు చేసుకునే గడువు దాటకముందే ఇంకో చోట చూసుకోండి.