మొక్కల భాగాల కార్డుల సెట్: చెక్క పెట్టె బాగుంది, కార్డుల్లోనే తప్పులు

యూకేజీ చదివే మా అమ్మాయి కోసం ఆన్‌లైన్‌లో తెప్పించాం, నాలుగొందల చిల్లర పడింది. ఇలాంటివి చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి కాబట్టి పేరుతో పని లేదు, లోపలేముందో చూసి కొనండి. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ, గింజ అని ఆరు అరలున్న చెక్క పెట్టె, కూరగాయల బొమ్మల కార్డులు. బొమ్మ చూసి సరైన అరలో వెయ్యాలి, జవాబు కార్డు వెనకాల ఉంటుంది. అట్ట మందంగా ఉంది, మూలలు గుచ్చుకోవు, తడిచేత్తో పట్టుకున్నా రంగు పోలేదు.

అసలు గొడవ జవాబుల దగ్గర. బంగాళాదుంప వేరట! అది కాండం అండీ, నేలలో పెరిగే కాండం. కూరగాయల బుట్ట అడుగున మర్చిపోయిన దుంపని తీసి చూడండి, దాని మీద గుంటల్లాంటి కళ్ళలోంచే మొలకలు వస్తాయి. పక్కనే చిలగడదుంప పెడితే తేడా ఇంకా బాగా చెప్పొచ్చు, ఎందుకంటే నిజంగా వేరు లావెక్కి దుంపైంది అదే. ఉల్లిపాయనీ వేరు అనే రాశారు. నిలువుగా రెండు ముక్కలు కోసి పిల్లకి చూపించాను: అడుగున వేలాడే పోగులు వేర్లు, వాటిపైన గట్టిగా బిళ్ళలా ఉన్నది కాండం, మనం తినే పొరలన్నీ ఆకుల మొదళ్ళు. కళ్ళు మండుతున్నా వదలకుండా పొరలన్నీ ఊడదీసి నేలంతా పరిచింది, ఊడ్చుకునే పని నాకు పడిందనుకోండి. వేరుశనగ సంగతీ అంతే. పువ్వు నేల పైనే పూస్తుంది, తర్వాత పువ్వు దగ్గర్నుంచి వచ్చే ఊడ (సన్నటి కాడ, వేరు కాదు) మట్టిలోకి దిగి అక్కడ కాయ కడుతుంది, మనం తినేది గింజ. మట్టిలోంచి తీసిందల్లా వేరే అనుకుని ప్రింటు చేసేశారు.

ఇంకోటి, బ్రకోలీ, సెలరీ, ఆస్పరాగస్ ఉన్నాయి గానీ మనింట్లో వండేవి సగం కూడా లేవు. గోంగూర లేని ఆకుల అర తెలుగింట్లో ఎందుకు? పువ్వుల్లో కాలీఫ్లవర్, బ్రకోలీతో సరిపెట్టారు. అరటిపువ్వు లేదు, ఉగాది పచ్చడిలో వేసే వేపపువ్వు లేదు, పోపులపెట్టెలో ఉండే లవంగం మొగ్గే అన్న ముక్క అసలే లేదు. దాల్చినచెక్క బెరడు కదా, దానికైతే అరే లేదు.

కార్డుకి ఒకే జవాబు ఉండటం కూడా నాకు నచ్చలేదు. మునగనే తీసుకోండి: ఆకు పప్పులో వేస్తాం, పువ్వు వేపుడు చేస్తాం, కాయ సాంబారులోకి. కొత్తిమీరలో ఆకూ తింటాం, ధనియాలూ తింటాం. పిల్ల అడిగేది ఇలాంటివే, కార్డు చెప్పేది మాత్రం ఒక్కటే. వెనక జవాబు చూసి బట్టీ పట్టడం తప్ప కూరగాయని పట్టుకుని చూసే పని పిల్లకి ఉండదు.

తప్పుల గురించి కంపెనీకి మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు కార్డులు అటకెక్కాయి, పెట్టె మాత్రం వాడుతున్నాం. రైతుబజారు నుంచి సంచి రాగానే క్యారెట్, కరివేపాకు, దొండకాయ, అల్లం ముక్క అందులో సర్దుతుంది (అల్లం కాండమే, ఆ ఒక్కటీ కార్డులో కరెక్టుగానే ఇచ్చారు). పెట్టె విడిగా అమ్మితే నూటయాభైకి కొనొచ్చు. మొత్తం సెట్‌కి ఐదుకి రెండు స్టార్లు, అవీ చెక్కపనికే.