విప్పింగ్ క్రీమా, బటర్‌క్రీమా, గనాషా, ఫాండెంటా: ఇంటి కేక్ మీద ఏది మేలు?

ఇంట్లో కేక్ చేద్దామనుకున్నవాళ్లు ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "దీనికి ఏ క్రీమ్ వాడాలి?" అని అడుగుతుంటారు. నేను ఫొటో సంగతి పక్కన పెట్టి, ఫ్రిజ్‌లోంచి తీశాక కత్తి పడేదాకా కేక్ ఎంతసేపు బయట ఉంటుందో అడుగుతాను. ఏసీ గదిలోనా, డాబా మీదా? కారులో ఎంత దూరం వెళ్లాలి? డిజైన్ గురించి మాట్లాడదామని వచ్చినవాళ్లకి కాస్త చిరాకేస్తుంది. అయినా నాకు తెలిసి ఇంటి కేకులు పాడయ్యేది చేతిలో పనితనం లేక కాదు. ఫ్రిజ్‌లో ఉండాల్సిన క్రీమ్‌ని ఎండలో నిలబెట్టడం వల్ల, బయట ఉండాల్సిన ఫాండెంట్‌ని (చపాతీలా వత్తి కేక్ మీద కప్పే చక్కెర ముద్ద) ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల. అందుకే ఈ నాలుగింటినీ రుచి, అందం కన్నా ముందు వాటి ఓపికతో, అంటే బయట ఎంతసేపు తట్టుకుంటాయన్న దానితో కొలుస్తాను.

ముందు విప్పింగ్ క్రీమ్, ఎక్కువమంది మొదలుపెట్టేది దీనితోనే కాబట్టి. ఇందులో రెండు జాతులున్నాయి, పేరు ఒకటే కావడంతో గందరగోళం. ఒకటి అసలు పాల క్రీమ్. దీనిలో కొవ్వు కనీసం 30 శాతం, వీలైతే 35 శాతం ఉంటేనే గాలిని పట్టి నిలుస్తుంది. 20, 25 శాతం ఉన్న ప్యాకెట్‌ని గంటసేపు కొట్టినా చెయ్యి నొప్పే తప్ప క్రీమ్ లేవదు. కాబట్టి ప్యాకెట్ వెనక అంకె చూడకుండా కొనొద్దు. రెండోది నాన్ డెయిరీ, అంటే నూనె కొవ్వుతో, చక్కెర ముందే కలిపి చేసేది. అందులో పాల క్రీమ్ ఉండదు. కొడితే పాల క్రీమ్ సుమారు రెండింతలవుతుంది, ఇది మూడింతలు దాటుతుంది. పువ్వులు చెక్కినట్టు నిలుస్తాయి. రుచి దగ్గర మాత్రం తేలిపోతుంది. పాల క్రీమ్ నాలుక మీద పడగానే కరిగిపోతుంది, నాన్ డెయిరీ మింగాక కూడా అంగిలికి సన్నటి జిడ్డు పొర అంటుకుని ఉంటుంది. పిల్లలు పట్టించుకోరు. పెద్దవాళ్లు రెండో ముక్క అడగరు.

క్రీమ్ కొట్టడంలో చూడాల్సింది గడియారం కాదు, గిన్నె. గిన్నెనీ బీటర్ పుల్లల్నీ పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి తీస్తాను. మొదట పెద్ద పెద్ద బుడగలొస్తాయి. కాసేపటికి అవి చిన్నవై, పుల్ల తిరిగిన చోట గీత పడి మళ్లీ కలిసిపోతుంటుంది. తర్వాత గీత కలవదు, అలాగే నిలబడుతుంది. అక్కడి నుంచి ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి. బీటర్ ఆపి పుల్ల ఎత్తితే కొన చిన్నగా వంగి నిలిచిందా, కేక్ మీద రాయడానికి అదే సరైన చోటు. ఇంకో అర నిమిషం అత్యాశకు పోతే నునుపు పోయి గరుకు తేలుతుంది, ఇంకాస్త పోతే వెన్న పక్కకి, నీళ్లు పక్కకి. గరుకు దశలో దొరికితే రెండు చెంచాల చల్లని క్రీమ్ పోసి గరిటెతో మెల్లగా కలిపితే దారికొస్తుంది. వెన్నగా మారిపోతే మాత్రం ఉప్పేసి బ్రెడ్‌కి రాసుకోవడమే.

పాల క్రీమ్ రుచి కావాలి, నిలకడా కావాలి అంటే జెలటిన్ అనే గడ్డకట్టించే పొడి ఒక దారి. 250 మిల్లీలీటర్ల క్రీమ్‌కి ఒక చిన్న చెంచా జెలటిన్‌ని నాలుగు చెంచాల చల్లటి నీళ్లలో నానబెట్టి, కరిగించి, గోరువెచ్చగా అయ్యాక క్రీమ్ కొడుతూనే సన్నటి ధారగా పోయాలి. వేడిగా పోస్తే క్రీమ్ జారిపోతుంది, మరీ చల్లారనిస్తే దారాలు దారాలుగా గడ్డకడుతుంది. ఇంత చేసినా పాల క్రీమ్ కేక్‌ని రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. అది అందం కోసం చెప్పే మాట కాదు, కడుపు కోసం.

బటర్‌క్రీమ్ దగ్గరికొస్తే దీనిలోనూ రెండు రకాలు. సులువైనది అమెరికన్ పద్ధతి. మెత్తబడ్డ వెన్న ఒక వంతు, ఐసింగ్ షుగర్ (మెత్తటి పొడి చక్కెర) రెండు వంతులు. 8 అంగుళాల రెండు పొరల కేక్‌కి 250 గ్రాముల వెన్న, అర కిలో చక్కెర దాదాపు సరిపోతాయి. ఆ అంకె మళ్లీ చదవండి, అర కిలో చక్కెర. నా ఫిర్యాదు కూడా అదే. ఎంత వెనిల్లా వేసినా, చిటికెడు ఉప్పు వేసినా ముందు తగిలేది తీపే. కానీ మొదటిసారి పైపింగ్ బ్యాగ్ (క్రీమ్‌ని పిండి పువ్వులు వేసే సంచి) పట్టుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి గురువు లేదు. పువ్వు బాగా రాలేదా, పాలెట్ నైఫ్‌తో గీకి మళ్లీ బ్యాగ్‌లో వేసుకోవచ్చు. విప్పింగ్ క్రీమ్ ఆ మాట వినదు, రెండుసార్లు తాకితే గరుకెక్కుతుంది.

స్విస్ మెరాంగ్ బటర్‌క్రీమ్ ఇంకో లోకం. నాలుగు గుడ్ల తెల్లసొన, 250 గ్రాముల చక్కెర కలిపి, మరిగే నీళ్ల మీద గిన్నె పెట్టి 71 డిగ్రీల దాకా వేడిచేయాలి. గుడ్డు విషయంలో ఇక నిశ్చింత. తర్వాత తెల్లగా గట్టిపడేదాకా కొట్టి, గిన్నె అడుగు చేతికి చల్లగా తగిలాకే 350 గ్రాముల వెన్న ముక్క ముక్కగా వేయాలి. మధ్యలో ఒకచోట అంతా విరిగిపోయిన పాలలా కనిపిస్తుంది. నేను మొదటిసారి అది చూసి మొత్తం సింక్‌లో పారబోశాను. ఆ తర్వాత తెలిసింది, బీటర్ ఆపకుండా ఇంకో నాలుగైదు నిమిషాలు తిప్పి ఉంటే అదే పట్టులా కలిసిపోయేదని. విరిగినట్టుంటే కొడుతూనే ఉండాలి, నీళ్లలా జారుతుంటే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టాలి. ఈ రెండూ తెలిస్తే చాలు, దీనిలో పారబోసే పని ఉండదు.

రుచిలో స్విస్‌ది పైచేయి, నాకైతే అనుమానం లేదు. ఓపికలో మాత్రం రెండూ వెన్న బిడ్డలే. వెన్న 30 డిగ్రీలు దాటితే నీరుగారడం మొదలవుతుంది, 35కి దాదాపు ద్రవమే. వేడి చేతులవాళ్లు పైపింగ్ బ్యాగ్ పట్టుకుంటే మొదటి పది పువ్వులు ఒకలా, తర్వాతివి ఇంకోలా వస్తాయి. నా చేతులు ఆ రకమే. బ్యాగ్‌లో సగమే నింపుకుని, మధ్యమధ్య చల్లటి నీళ్లలో చెయ్యి ముంచి తుడుచుకుంటాను.

రంగుల విషయం ఇక్కడే చెప్పేస్తాను. ముదురు రంగు కావాలంటే బటర్‌క్రీమే. జెల్ కలర్ వేశాక రాత్రంతా ఉంచితే రంగు దానంతటదే ముదురుతుంది. ఎరుపు ఇంకా గులాబీగానే ఉందని గంటలోపే సీసా బోర్లించేవాళ్లకి మర్నాడు చేదే మిగులుతుంది. నలుపు కావాలంటే తెల్ల క్రీమ్‌తో కాదు, కోకో కలిపిన దానితో మొదలుపెట్టండి. విప్పింగ్ క్రీమ్‌కి లేత రంగులే అందం.

ఇక గనాష్. చాక్లెట్, క్రీమ్, అంతే. ఇంటి కేక్‌కి ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దీనికే, ఆ పక్షపాతాన్ని దాచుకోను. డార్క్ చాక్లెట్, క్రీమ్ సమానంగా తూచి కలిపితే పైనుంచి ధారగా పోసేందుకు వస్తుంది. చాక్లెట్ రెట్టింపు ఉంటే గోడలా నిలిచే పూత. వైట్ చాక్లెట్‌కైతే మూడింతలు కావాలి. ఎండలు ముదిరిన రోజుల్లో డార్క్‌ని కూడా రెండు వంతుల నుంచి రెండున్నరకు పెంచుతాను. క్రీమ్ అంచుల్లో బుడగలు రాగానే దించి, సన్నగా తరిగిన చాక్లెట్ మీద పోసి, రెండు మూడు నిమిషాలు గిన్నె వంక చూడకూడదు. తర్వాత గరిటె నడిమధ్యలో పెట్టి చిన్న సున్నాలా తిప్పాలి. ముందు అంతా చారలు చారలుగా, కలవదేమో అన్నట్టు ఉంటుంది. ఒక్కసారిగా నడుమ నల్లటి మెరుపు పుట్టి అంచులకు పాకుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం కోసం స్టవ్ దగ్గర కాసేపు అలాగే నిలబడిపోతాను. నూనె తేలి విరిగిపోతే ఒక చెంచా గోరువెచ్చటి పాలు పోసి తిప్పితే కలుస్తుంది.

దీని లోపం ఏమిటంటే తొందర పనికిరాదు. పూతకు వాడే గనాష్ రాత్రి చేసి మూతపెడితే పొద్దుటికి టూత్‌పేస్ట్ చిక్కదనానికి వస్తుంది, అప్పుడే రాయాలి. పొద్దున చేసి మధ్యాహ్నం రాద్దామనుకుంటే కారుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి తొందరపెడితే రాయిలా గట్టిపడుతుంది. రంగుల ఆటకూ డార్క్ పనికిరాదు. గులాబీ రంగు కేక్ కోరుకున్న పాపకి గనాష్ తీసుకెళ్తే మీకే చీవాట్లు.

ఫాండెంట్ గురించి నేను నిష్పక్షపాతంగా రాయలేను, కారణం ఒక పుట్టినరోజు. మా అక్క కూతురికి ఆరో ఏడు. రాత్రంతా కూర్చుని ఫాండెంట్ పరిచి, కుందేళ్లు, పుట్టగొడుగులు అతికించి, పాడవకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టాను. అక్కడే తప్పు. సాయంత్రం తీసి బల్ల మీద పెట్టగానే చల్లటి చక్కెర మీద గాలిలోని తేమ వాలింది. పావుగంటలో కేకంతా చిన్న చిన్న బొట్లు. "పిన్నీ, కేక్‌కి చెమట పడుతోంది" అంది పాప. అక్క ప్రేమకొద్దీ టిష్యూతో తుడవబోయింది. "అక్కా, ముట్టుకోకు!" అని అరిచేలోపే ఒక కుందేలుకి ముఖం లేదు. చెమట పట్టిన ఫాండెంట్‌ని తాకకుండా ఫ్యాన్ కింద వదిలేస్తే చాలావరకు దానంతటదే ఆరిపోతుందని ఆ తర్వాత నేర్చుకున్నాను. తప్పనిసరిగా ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే అట్టపెట్టెలో పెట్టి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా పెట్టె తెరవకూడదు.

దాని లెక్క కూడా ముందే తెలుసుకోవాలి. 8 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న కేక్‌ని కప్పాలంటే అటు 4, ఇటు 4, మధ్యలో 8, మొత్తం 16 అంగుళాల చక్రం. అంచుల కత్తిరింపుకి ఇంకో రెండు అంగుళాలు. 3, 4 మిల్లీమీటర్ల మందంలో అంత పెద్ద చక్రం చిరగకుండా వత్తి, ఎత్తి, మధ్యకి వేయడం మొదటిసారికి కష్టమే. మెల్లగా వత్తుతుంటే పైన ఎండి ఏనుగు తోలులా ముడతలు పడుతుంది. పైగా ఫాండెంట్ ఒంటరిగా నిలవదు, కింద బటర్‌క్రీమో గనాషో ఉండి తీరాలి. విప్పింగ్ క్రీమ్ మీద వేస్తే ఆ తేమకు చక్కెర కరిగి కిందికి జారుతుంది. ఇంత కష్టపడ్డాక తినేటప్పుడు సగంమంది దాన్ని ఒలిచి ప్లేటు పక్కన పెడతారు. బొమ్మలకు మాత్రం దీన్ని మించింది లేదు. ఫాండెంట్‌ని గట్టిపరిచే సీఎంసీ పొడి కొంచెం కలిపి, రెండు రోజుల ముందే చేసి ఆరబెట్టుకుని, వడ్డించే ముందు అతికించుకుంటే చాలు. ఇప్పుడు నేను ఫాండెంట్‌ని ముట్టేది అందుకొక్కదానికే.

పై పూత ఎంచుకున్నాక లోపలి స్పాంజ్ కూడా దాని జాతిదే కావాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు. వెన్నతో చేసిన కేక్ ఫ్రిజ్‌లో బిగుసుకుంటుంది, తిన్నవాళ్లు ఎండిపోయిందనుకుంటారు. నూనెతో చేసింది చల్లగా ఉన్నా మెత్తగానే ఉంటుంది. అందుకే ఫ్రిజ్‌లో బతికే విప్పింగ్ క్రీమ్‌కి నూనె స్పాంజ్, గది వేడిలో వడ్డించే బటర్‌క్రీమ్, గనాష్‌లకి వెన్న కేక్. ఫాండెంట్ బరువుకి దూదిలాంటి స్పాంజ్ కుంగిపోతుంది, కాస్త గట్టి కేకే ఉండాలి. ఏ పూతకైనా ముందు పల్చగా ఒక చేయి రాసి, పొడి రాలకుండా అరగంట ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం మానొద్దు.

ఇప్పుడెవరైనా అడిగితే నేను చెప్పేది ఇలా ఉంటుంది. ఇంట్లోనే కోసి వెంటనే తినే కేక్, చుట్టూ పదిమందే, లోపల పళ్ల ముక్కలు కూడా ఉన్నాయంటే పాల క్రీమ్‌ని వదులుకోవద్దు. పువ్వులు, ముదురు రంగులు, ఏసీ గది ఉంటే స్విస్ బటర్‌క్రీమ్. గంట ప్రయాణం, ఎండ, ఎప్పుడు కోస్తారో తెలియని ఫంక్షన్ అయితే రెండు వంతుల గనాష్. నాన్ డెయిరీకి నా దగ్గర ఒకే చోటుంది: చాలామంది పిల్లలు, బోలెడు పువ్వులు, తక్కువ సమయం.

ఒకే కేక్‌లో రెండు మూడు రకాల్ని కలపడంలో తప్పేం లేదు. ఆ అక్క కూతురి ఏడో పుట్టినరోజుకి చుట్టూ వైట్ చాక్లెట్ గనాష్, పొరల మధ్య అంచున గనాష్‌తోనే ఒక చిన్న గట్టు, గట్టు లోపల విప్పింగ్ క్రీమ్, స్ట్రాబెర్రీ ముక్కలు. గట్టు ఉండటంతో పొర జారలేదు, ముక్క కోస్తే క్రీమ్ బయటికి రాలేదు. పైన ఒక్క ఫాండెంట్ కుందేలు, రెండు రోజులు ఆరబెట్టింది. లోపల క్రీమ్ ఉంది కాబట్టి కోయడానికి ముప్పావుగంట ముందు మాత్రమే ఫ్రిజ్‌లోంచి తీశాను, గనాష్ మెత్తబడటానికి అంత సమయం పడుతుంది. కుందేలుని కొవ్వొత్తులు వెలిగించే ముందు నేనే చేత్తో పెట్టాను. పాప వంగి దాని ముఖం పరీక్షగా చూసి, "ఈసారి చెమట లేదు పిన్నీ" అని కత్తి అందుకుంది.