మండువా ఇంటి పైకప్పు: గూన పెంకా, మంగళూరు పెంకా, శ్లాబా?

మా అమ్మమ్మగారి మండువా ఇంటికి పైకప్పు మార్చాల్సి వచ్చినప్పుడు ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. పిన్ని ఓటు శ్లాబుకే. "కోతుల గోల పోతుంది, వడియాలు పెట్టుకోవడానికి డాబా ఉంటుంది" అంది. కొట్టిపారేసే మాట కాదు. కానీ 5 అంగుళాల శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు పైనే తూగుతుంది. మావి మట్టిగోడలు. పిల్లర్లు లేపాలంటే ముందు గోడలు పడగొట్టాలి. పైగా మండువా అంటేనే నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన కప్పు, వాన నీళ్లు నడిమి గుంటలో పడి తూములోంచి బయటికి పోవడం. శ్లాబు వేస్తే మిగిలేది నడుమ కన్నమున్న డాబా.

అసలు పోటీ రెండు పెంకుల మధ్యే. గూన పెంకు కుమ్మరి సారె మీద పుట్టింది. గొట్టంలా చేసి, నిలువునా రెండుగా చీల్చి కాలుస్తారు. ఒక వరస వెల్లకిలా, దానిమీద ఇంకో వరస బోర్లా. వాసం వంకరగా ఉన్నా సర్దుకుపోతుంది. రెండు వాలులు కలిసే మూలల్లోనూ ఒదుగుతుంది. మండువా ఇళ్లు ఎక్కువగా కారేది ఆ మూలల్లోనే. సందుల్లోంచి వేడి కూడా పోతుంది. చిక్కల్లా, పిల్లి పరిగెత్తినా జరిగిపోతుంది. ఏటా వానలకు ముందు సర్దించాలి, ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు దొరకడం గగనం.

మంగళూరు పెంకు ఒకదాని గాడిలో ఒకటి కూర్చుంటుంది, అంత తేలిగ్గా కదలదు. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు, 40 కిలోల లోపే. కానీ దానికి సమానమైన ఎడంలో రీపర్లు (వాసాలకు అడ్డంగా కొట్టే సన్నని చెక్కలు), తిన్నని వాసాలు కావాలి. మూలల్లో పెంకు కోసి కింద రేకు పరవాలి. రేకు తుప్పు పట్టిందా, మళ్లీ కారుడే.

అన్నట్టు, పాత పెంకు మీద 1865 అని కనబడితే ఇల్లు అప్పటిదని మురిసిపోకండి. అది మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది. మా మామయ్య చాలాకాలం ఆ లెక్కనే ఇంటి వయసు చెప్పేవాడు.

చివరికి కోతులు దూకే బయటి వాలుకు వాసాలు మార్చి మంగళూరు పెంకు వేయించాం. అక్కడ దింపిన గూనలో గట్టివి ఏరి, మండువా వైపు పగిలినచోట్ల కప్పాం. మిగిలినవి పశువుల పాకలో పేర్చి ఉన్నాయి. పిన్ని వడియాలు పక్కింటి డాబా మీద ఎండుతున్నాయి.